తేరుకోవడం ముందు ఒంటికి నేర్పాలి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న మూడెకరాల వరి సాగు చేస్తారు. అమ్మ రెండు గేదెలను చూసుకుంటుంది. నేను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగిని. నా తమ్ముడికి పద్దెనిమిదేళ్లు. ఊళ్లో హైస్కూల్లో చదివేటప్పుడు కబడ్డీ బాగా ఆడేవాడు, మండల స్థాయి పోటీలకు కూడా వెళ్లాడు. పదో తరగతిలో 561 మార్కులు రావడంతో అప్పు చేసి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించాం. అక్కడ రెండేళ్లలో ఒక్క రోజు కూడా ఆడలేదు. జేఈఈ మెయిన్ రెండుసార్లు రాసినా అడ్వాన్స్‌డ్‌కు అర్హత రాలేదు. హాల్లో కూర్చోగానే గుండె దడదడలాడిందని, వచ్చిన లెక్కలు కూడా మరచిపోయానని ఒకసారి నాతో అన్నాడు. ఎప్‌సెట్ ర్యాంకు కూడా అనుకున్నట్టు రాలేదు. అప్పటి నుంచి గది దాటి బయటికి రావడం లేదు. రాత్రి మూడింటిదాకా ఫోను చూస్తాడు, మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తాడు. స్నేహితులు ఫోను చేస్తే ఎత్తడు. ‘నేను దేనికీ పనికిరాను, మీ డబ్బంతా తగలేశాను’ అంటాడు. నాన్న ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని కోప్పడుతున్నారు, జిమ్‌లో చేర్పిస్తే దారికొస్తాడంటున్నారు. అమ్మ ఏడుస్తోంది. నేను రోజూ ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, బాక్సర్ నిఖత్ జరీన్ వంటివారి వీడియోలు పంపుతున్నాను. వాడు తెరిచి చూడడం కూడా లేదు. ఈ కాలం పిల్లలు ఎందుకింత సున్నితంగా ఉన్నారు? వాడిని గట్టివాడిని చేయడం ఎలా?
– ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గట్టిదనం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాట నన్ను అక్కడే ఆపేసింది. ముందు దాని సంగతి చూడాలి.

ఫోనులో వద్దు. ఈ శనివారమే బస్సెక్కి వెళ్లి, ఎదురుగా కూర్చుని సూటిగా అడగండి: ‘బతకాలని లేదు అనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగినందుకు పిల్లల గుండె బరువు కొంత దిగుతుంది. ఈలోగా వాడి మాటల్లో ఏమాత్రం అనుమానం కలిగినా శనివారం దాకా ఆగకండి, అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పండి. వాడు అవునన్నా, జవాబివ్వకుండా తల దించుకున్నా, ఇష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా, ఉన్నట్టుండి అందరికీ క్షమాపణలు చెబుతున్నా ఒంటరిగా వదలకండి. అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14416 నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ. రాత్రీ పగలూ, డబ్బు తీసుకోకుండా, తెలుగులో మాట్లాడతారు. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి పొలం మందులు ఇంట్లో ఉంటే తాళం వేసిన చోట పెట్టమని నాన్నగారికి చెప్పండి. ఎందుకని ఆయన అడిగితే దాచకుండా చెప్పండి.

నిద్ర తలకిందులవడం, స్నేహితులకు దూరమవడం, తనను తాను తిట్టుకోవడం రెండు వారాలకు మించి సాగితే దాన్ని బద్ధకం అనకూడదు. అది డిప్రెషన్ కావచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఒకసారి చూపించండి. రక్తం తక్కువగా ఉందా, థైరాయిడ్ ఇబ్బంది ఏమైనా ఉందా అన్నది కూడా వాళ్లే చూస్తారు. ఇకపైన నేను రాసేదంతా ఆ వైద్యానికి తోడుగా చేయవలసింది. దానికి బదులుగా పనికిరాదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లల నోట డ్రిల్లు మాస్టారిని. కబడ్డీ ఆడిన పిల్లవాడిని సున్నితమైనవాడంటే నేను ఒప్పుకోను. ఒక్కసారి గుర్తు చేసుకోండి. అవతల ఏడుగురు చేతులు చాచి కాచుకుని ఉంటారు. ఇవతలి నుంచి ఒక్కడే, ఒకే ఊపిరితో కూతకు వెళ్తాడు. పట్టు పడితే మోకాళ్లు దోక్కుపోతాయి, పైన నలుగురు పడతారు. లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ తన వంతుకు సిద్ధమవుతాడు. మీ తమ్ముడు ఆ పని కొన్ని వందలసార్లు చేశాడు. అలాంటివాడికి కొత్తగా గుండె నిబ్బరం తెచ్చిపెట్టనక్కర్లేదు. రెండేళ్లుగా దానికి పని లేకుండా చేశాం, అంతే.

కబడ్డీలో ఒక నియమం ఉంది. మీ ప్రశ్నకు నా జవాబంతా అందులోనే ఉందనుకుంటాను. అవుటైనవాడు ఆట నుంచి పోడు. గీత అవతల కూర్చుంటాడు. తన జట్టువాడు ఎదుటివారిలో ఒకరిని అవుట్ చేస్తే, ముందు అవుటైనవాడు ముందుగా లోపలికి వస్తాడు. ఏడుగురూ అవుటైతే ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అదనంగా వెళ్తాయి, దాన్ని లోనా అంటారు. ఆ వెంటనే ఏడుగురూ తిరిగి లోపలికి వస్తారు. గమనించారా, కూర్చున్నవాడు తనంతట తాను లోపలికి రాలేడు. జట్టు ఒక పాయింటు తేవాలి. ఇప్పుడు మీ ఇంట్లో కూర్చున్నవాడు మీ తమ్ముడు. జట్టు మీరు ముగ్గురు.

పాయింటు ఎలా తేవాలో చెప్పేముందు ఒంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది.

పరీక్ష హాల్లో గుండె దడదడలాడిందన్నాడు కదా. కూతకు వెళ్లినప్పుడు కూడా అదే గుండె అలాగే కొట్టుకుంటుంది. రెండుచోట్లా అడ్రినలిన్ అనే హార్మోను పనే. అరచేతులు చెమర్చడం, నోరెండిపోవడం, ఊపిరి పైపైనే ఆడడం అన్నీ ఒకటే. తేడా ఒక్కటే. కోర్టులో ఉన్నవాడు దాన్ని పట్టించుకోడు, ఆ దడ కాసేపట్లో తగ్గుతుందని వాడి ఒంటికి తెలుసు. రెండేళ్లు కుర్చీకి అతుక్కుపోయిన పిల్లవాడు ఆ సంగతి మరచిపోతాడు. గుండె కొట్టుకోవడమే ప్రమాదం అనుకుంటాడు. ఆ భయానికి గుండె మరింత కొట్టుకుంటుంది. అప్పుడు లెక్క ఎక్కడ గుర్తుంటుంది?

నేను పిల్లలకు ఒక పని చేయించేవాడిని. రెండు నిమిషాలు స్కిప్పింగ్ చేయించి, వెంటనే ఎడమ చేయి మణికట్టు దగ్గర, బొటనవేలు మొదట్లో రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోమనేవాడిని. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎంతో తెలుస్తుంది. ఆ అంకె నోటుబుక్కులో రాయాలి. రెండు నిమిషాలు ఊరికే కూర్చుని మళ్లీ పట్టుకోవాలి, మళ్లీ రాయాలి. ఇంటర్ తప్పి మా గ్రౌండుకు వచ్చిన ఒక కుర్రాడు మొదటి రోజు 152 రాశాడు, రెండు నిమిషాల తర్వాత 128. ‘అదేమిటి సార్, నేనేమీ చేయకుండానే దిగింది’ అని నా ముఖంలోకి చూశాడు. నాలుగు వారాలకు అదే స్కిప్పింగ్‌కు 140 దాటలేదు, రెండు నిమిషాల్లో 100కు దిగింది. ఆ పుస్తకం వాడు చాలాకాలం జేబులోనే పెట్టుకుని తిరిగాడు. సప్లిమెంటరీ పరీక్షకు వెళ్లేటప్పుడు ‘హాల్లో దడ వస్తే ఏం చేస్తావురా’ అని అడిగాను. ‘రెండు నిమిషాలు ఆగుతాను సార్, దిగుతుంది’ అన్నాడు. పైకి లేచిన గుండె తిరిగి తన చోటికి దిగిరావడం, మన భాషలో చెప్పాలంటే తేరుకోవడం. మీరు తమ్ముడికి నేర్పాలనుకుంటున్నది అదే అయితే, మాటలతో మొదలుపెట్టకండి. ముందు ఒంటికి నేర్పండి.

వ్యాయామం మనసుకు మంచిదన్న మాట పెద్దలు ఊరికే అన్నది కాదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. డిప్రెషన్ ఉన్న పద్నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న 218 అధ్యయనాలను కలిపి చూస్తే నడక, జాగింగ్, యోగా, బరువులతో చేసే వ్యాయామం బాగా ఉపయోగపడ్డాయని తేలింది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలు ఒళ్లు కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో పదకొండు నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లల్లో 81 శాతం మంది అంత కూడా కదలడం లేదు. మీ తమ్ముడు ఒక్కడే ఇలా అయ్యాడనుకోకండి.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. పదిహేనేళ్ల పిల్లవాడిని తెచ్చి, గ్రౌండు లేని నాలుగంతస్తుల భవనంలో ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్ల పేరుతో కూర్చోబెట్టే కాలేజీలను చూస్తే నాకు కడుపు మండుతుంది. వంట గది లేని హాస్టల్లో పిల్లలను చేర్పిస్తామా? మరి మైదానం లేనిచోట ఎందుకు చేర్పిస్తున్నాం? తప్పు మనందరిదీ ఉంది. ఆటలు ‘పీరియడ్ ఖాళీగా ఉంటే’ అన్నట్టు చూశాం, లెక్కల మాస్టారు అడిగితే డ్రిల్లు పీరియడ్ ఇచ్చేశాం. నేను కూడా ఇచ్చాను, ఇప్పుడు బాధపడుతున్నాను. ఆడపిల్లల విషయంలో ఇంకా అన్యాయం. ఎనిమిదో తరగతి దాటేసరికి ఖోఖో ఆడే పిల్లను ఇంట్లోవాళ్లే గ్రౌండుకు రానివ్వరు. పైన చెప్పిన లెక్కలోనే, చాలినంత కదలనివారు మగపిల్లల్లో 78 శాతం ఉంటే ఆడపిల్లల్లో 85 శాతం. ఇది చదువుతున్న తల్లిదండ్రులు మీ ఇంటి ఆడపిల్లను కూడా తలచుకోండి.

సరే, ఇక పని మొదలుపెడదాం. జిమ్ వద్దని నాన్నగారికి నా మాటగా చెప్పండి, కనీసం ఇప్పుడు వద్దు. అద్దాల ముందు కండలు తిరిగినవాళ్ల మధ్య నిలబడితే, తనను తాను చిన్నబుచ్చుకుంటున్న పిల్లవాడికి ఇంకో ఓటమి ఎదురైనట్టుంటుంది. వెంటనే కబడ్డీ కూడా వద్దు. రెండేళ్లు వాడని మోకాలు ఒక్కసారిగా మెలితిరిగితే లిగమెంటు తెగవచ్చు. అప్పుడు ఆర్నెల్లు మంచానికే.

మొదటి వారం నడక చాలు. పదిహేను నిమిషాలు. పొద్దున పొలం గట్టుదాకా వెళ్లి రావడం, లేదా అమ్మ పాలు పోయడానికి కేంద్రానికి వెళ్లేటప్పుడు క్యాను వాడి చేతికివ్వడం. ఈ రెండోది నాకు ఎక్కువ ఇష్టం. ‘నీ మంచికోసం నడువు’ అంటే వాడు రాడు. ‘నడుం నొప్పిగా ఉందిరా, క్యాను పట్టుకో’ అంటే వస్తాడు. దేనికీ పనికిరాననుకునేవాడి చేతిలో ఒక పని పడుతుంది. వాడు మోసిన పాలు కేంద్రంలో కొలుస్తారు, రాసుకుంటారు. పొద్దుటి వెలుగు కళ్లమీద పడడం కూడా ముఖ్యమే. రాత్రి నిద్ర ఎప్పుడు రావాలో ఒంట్లోని గడియారం ఆ వెలుగును బట్టే సరిచేసుకుంటుంది.

పన్నెండింటికి లేచేవాడిని మర్నాడే ఐదింటికి లేపకండి. రెండు రోజులకోసారి అరగంట ముందుకు జరపండి. మొదట్లో పొద్దున కుదరకపోతే సాయంత్రం ఎండ తగ్గాక నడవనివ్వండి. ఈ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, ఐదు గంటలు పడుకుంటే బాగా చదివినట్టు అని కాలేజీల్లో చెప్పే మాటలు నమ్మకండి. ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే మీకూ వాడికీ మధ్య మిగిలిన ఆ కాస్త దారి కూడా మూసుకుపోతుంది. ఇంట్లో అందరి ఫోన్లూ రాత్రి పదకొండుకు వసారాలో ఒకేచోట ఛార్జింగ్ పెట్టండి. అందరివీ అంటే నాన్నగారిది కూడా.

రెండో వారం నుంచి నడకలో వేగం పెరగాలి. ఎంత వేగమో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత చాలు. మూడో వారంలో స్కిప్పింగ్ తాడు, నాడి లెక్క, నోటుబుక్కు. వాన పడితే వసారాలోనే చేయవచ్చు. నాలుగో వారంలో సూర్య నమస్కారాలు ఆరు, గుంజీళ్లు, గోడకు చేతులానించి దండీలు. గుంజీళ్లంటే బడిలో శిక్షగా తీయించినవి గుర్తొస్తాయి, ఆ చెడ్డపేరు మా మాస్టార్లే తెచ్చారు. తొడలకూ మోకాళ్లకూ అంత బలమిచ్చేది ఇంకొకటి లేదు. ఆరో వారం దాటాక, పాత జట్టులోవాళ్లు ఎవరైనా ఊళ్లో ఉంటే వాళ్లను వాడికి కబురు పంపమనండి. మొదటి రోజు ఆడకపోయినా ఫరవాలేదు. కోర్టుకు గీతలు వేసి రమ్మనండి.

గీతల మాట ఊరికే రాయలేదు. చాలా ఏళ్ల కిందట మండల పోటీల చివరి ఆటలో మా బడి ఒక పాయింటు వెనకబడి ఉంది. ఆఖరి కూతకు వెళ్లినవాడు తొమ్మిదో తరగతి కుర్రాడు. గీత ఇంకా బెత్తెడు ఉందనగా మడమ పట్టు పడింది. ఓడిపోయాం. వాడు చింతచెట్టు వెనక కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు. మర్నాడు బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి వెళ్లి ‘ఓడితే ఏమైందిరా’ అని ధైర్యం చెప్పబోయాను. నా ముఖం చూడలేదు. అప్పుడు ‘గ్రౌండులో గీతలు వానకు పోయాయి, నాకు నడుం వంగడం లేదు, నువ్వు వచ్చి సున్నం పోయి’ అన్నాను. వచ్చాడు. డబ్బాతో సున్నం పోసుకుంటూ నడిచి, మడమ పట్టు పడిన చోటికి వచ్చేసరికి ఆగాడు. అక్కడే చాలాసేపు నిలబడి గీతకూ తన పాదానికీ మధ్య దూరం చూశాడు. ‘ఇంతే సార్’ అన్నాడు. ఆ రెండు రోజులూ వాడి మనసులో ఆ దూరం మైళ్లకొద్దీ పెరిగిపోయి ఉంది. కళ్లతో చూశాక బెత్తెడైంది.

ఆలోచనలను సరిచేసుకోవడం అంటే నాకు తెలిసినంతవరకూ ఇదే. అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో దీన్నే ఒక చికిత్సగా తీర్చిదిద్దాడు. దిగులులో ఉన్నవారి మనసులో కొన్ని మాటలు వాటంతటవే తిరుగుతుంటాయని, వారు వాటిని పరీక్షించకుండానే నిజమని నమ్మేస్తారని ఆయన గమనించాడు. ఆ మాటలను పట్టుకుని, కాగితం మీద పెట్టి, సాక్ష్యం అడగడం ఆ చికిత్సలో ముఖ్యమైన పని. దానికి శిక్షణ ఉన్నవాళ్లు చేస్తే మంచిది. అయినా ఇంట్లో అక్కగా మీరు చేయగలిగింది కొంత ఉంది.

నడిచి వచ్చాకే మాట్లాడండి, నడవకముందు వద్దు. ఒళ్లు వేడెక్కి, ఊపిరి దిగాక మాట కొంచెం తేలిగ్గా వస్తుంది. పక్కపక్కన కూర్చుంటే ఇంకా మంచిది, ఎదురెదురుగా కూర్చుంటే పంచాయితీలా ఉంటుంది. వాడు ‘నేను దేనికీ పనికిరాను’ అంటే ‘అలా అనకురా’ అని నోరు మూయించకండి. ‘దేనికీ అంటున్నావు కదా, ఏమేమి చూసి అన్నావు, రాద్దాం’ అనండి. జేఈఈ రాలేదు, రాయండి. ఎప్‌సెట్ ర్యాంకు తగ్గింది, అదీ రాయండి. అబద్ధం చెప్పకూడదు, వాటిని దాచకూడదు. ఇక రెండో పక్కన ఏముందో అడగండి. 561 మార్కులు. మండల పోటీలు. హాల్లో మరచిపోయిన లెక్కలు ఇంటికొచ్చాక చేయగలిగాడా? చేయగలిగితే రాయండి. ఈ వారం మోసిన పాలు ఎన్ని లీటర్లు? అదీ రాయండి. ఇప్పుడు ‘దేనికీ’ అన్న మాట నిలుస్తుందా లేదా అన్నది వాడే చూస్తాడు. ఆ మాట కొట్టేసి దాని చోట ఏం రాయాలో వాడినే రాయనివ్వండి. ‘ఈసారి పరీక్షలో కంగారుపడ్డాను, ర్యాంకు రాలేదు’ అని రాస్తే చాలు. అందులో గొప్పలు లేవు, తిట్లు లేవు. ఉన్నది ఉన్నట్టు ఉంది.

‘ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు’ అని కూడా అంటాడు, చాలామంది అంటారు. ఎవరు నవ్వారు, ఎప్పుడు, ఏమన్నారు అని అడగండి. తీరా చూస్తే ఎవరో ఒక మామయ్య పెళ్లిలో ర్యాంకెంత అని అడిగి ఉంటాడు. ‘నా జీవితం అయిపోయింది’ అన్నదానికి మాత్రం అంకెలు చూపించండి. 2024లో అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవారు లక్షా ఎనభై వేల మంది, ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 17,740. ఆ పరీక్ష దాకా రానివారు ఇంకా ఎన్నో లక్షలు. వాళ్లందరి జీవితాలూ అయిపోయాయా?

ఒక్క జాగ్రత్త. ‘నేను గొప్పవాడిని, నేను సాధిస్తాను’ అని అద్దం ముందు చెప్పించే పద్ధతి మాత్రం వద్దు. మనసు నమ్మని మాటను నోటితో పదిసార్లు అనిపిస్తే, లోపల ఉన్న మాట పదిరెట్లు గట్టిగా అరుస్తుంది.

వీడియోల గురించి. మీ ప్రేమ నాకు అర్థమైంది. అయితే ఆ పిల్లవాడు వాటిని ఎలా చూస్తాడో ఆలోచించండి. ‘వాళ్లు ఎక్కారు, నువ్వు ఎక్కలేదు’ అన్నట్టు వినిపిస్తుంది. పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అందరూ ఆ జెండా ఫొటో చూస్తారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న ఆ పిల్ల, మొదట భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం దిగడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్టు. ఆమెతో పాటు ఖమ్మం ప్రాంతం నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఉన్నాడు, ఒంటరిగా ఎక్కలేదు. నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయం ఆమెను రింగుకు దూరం చేసింది. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీ క్వార్టర్స్‌లోనే ఓడిపోయింది. ఎప్పుడైనా వాడే అడిగితే ఈ మధ్యలో జరిగిన సంగతులు చెప్పండి. అప్పటిదాకా ఏమీ పంపకండి. పంపాలనిపిస్తే ఈ పూట మీరు ఎంత దూరం నడిచారో పంపండి.

నాన్నగారికి నేనే రెండు మాటలు రాస్తున్నాను, చదివి వినిపించండి. అయ్యా, పొట్ట మీద ఉన్న వరి గాలివానకు పడిపోతే మీరు చేను గట్టున నిలబడి దాన్ని తిట్టరు. ముందు నీళ్లు తీసేస్తారు. తర్వాత దుబ్బులు లేపి, నాలుగేసి కలిపి కట్టలు కడతారు. ఒక దుబ్బుకు ఇంకో దుబ్బు ఆసరా. మీ అబ్బాయికి కూడా ముందు నీళ్లు తీసేయాలి. ఆ నీళ్లు మన మాటలే. పక్కింటి పిల్లవాడి ర్యాంకు, చేసిన అప్పు లెక్క, చుట్టాల ఆరాలు. ఒక నెల పాటు ఈ మూడూ ఇంట్లో వినపడకుండా చూడండి. అప్పు తీర్చవలసిన భారం మీదేనని, వాడిది కాదని ఒక్కసారి మీ నోటితో చెప్పండి. మీరు చెప్పేదాకా వాడు దాన్ని మోస్తూనే ఉంటాడు. పొద్దున పొలానికి వెళ్లేటప్పుడు వాడిని పిలవండి. రాకపోతే మర్నాడు మళ్లీ పిలవండి, కోపం లేకుండా.

మళ్లీ మీతో. చదువు సంగతి ఈ నెలలో తేల్చకండి, దారి మాత్రం మూసుకోకండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ గడువులు మీరే చూసుకుని ధ్రువపత్రాలు సిద్ధం చేయండి, ఆ తిరుగుడు వాడిమీద పెట్టవద్దు. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లు రాసే వీలుంది కాబట్టి వచ్చే ఏడు ప్రయత్నించాలని వాడికే అనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటే మాత్రం ముందు మీరు వెళ్లి చూసి రండి. గ్రౌండు ఎక్కడుందో చూపించమనండి. కౌన్సెలర్ ఎవరో అడగండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలి. అడగడం మీ హక్కు. మీ తమ్ముడిని రెండేళ్లు కూర్చోబెట్టిన కాలేజీలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

వాడు కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు. నాలుగు రోజులు నడిచి ఐదో రోజు మళ్లీ దుప్పటి ముసుగు తన్నుతాడు. అమ్మకు ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు ఏడవకుండా ఉంటుంది. రాని రోజును లెక్కపెట్టవద్దు, ఆరో రోజు క్యాను మళ్లీ గుమ్మం దగ్గర పెట్టండి.

శనివారం బస్సెక్కేటప్పుడు సంచిలో మీ బూట్లు కూడా పెట్టుకోండి. ఆదివారం పొద్దున మీరు వేసుకుని గుమ్మంలో కూర్చోండి, వాడిని పిలవకముందే. నెల తర్వాత నాకు ఉత్తరం రాయండి. వాడి నాడి రెండు నిమిషాల్లో ఎంత నుంచి ఎంతకు దిగుతోందో, ఆ అంకెలు కూడా రాయండి. మీవి కూడా.